చేయి తిరిగింది, బొమ్మలో ప్రాణం పోయింది

ప్రశ్న: నా వయసు 36. ఊహ తెలిసినప్పటి నుంచి బొమ్మలు వేస్తున్నాను. రెండేళ్లుగా ఒక ఉపాధ్యాయుడి దగ్గర పద్ధతిగా నేర్చుకుంటున్నాను. పెన్సిల్, బొగ్గు అయ్యాయి, ఇప్పుడు నీటిరంగులు. సీసాలు, గిన్నెలు, గుడ్డ మడతలు ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టు దించగలను. కానీ నా బొమ్మలు నాకే నచ్చడం లేదు. పాత నోటుపుస్తకాలు తిరగేస్తే అన్నీ తప్పులే, అయినా అవి నావి అనిపిస్తాయి. ఇప్పటివి ఎవరైనా వేయగలిగినవి. ఐదేళ్లు నేర్చుకున్నాకే సొంత బొమ్మల జోలికి వెళ్లమని మా ఉపాధ్యాయుడు అంటారు. నేర్చుకోవడం వల్లే నాలోని సృజన చచ్చిపోయిందనీ, రవీంద్రనాథ్ ఠాగూర్ ఏ బడిలో నేర్చుకున్నారనీ నా స్నేహితురాలు వాదిస్తుంది. క్లాసు మానేయాలా? సృజనకు ఎంత, సాంకేతిక నైపుణ్యానికి ఎంత సమయం ఇవ్వాలి? నాలుగేళ్ల కిందట వేసిన మా అమ్మ బొమ్మ, పోయిన నెల వేసిన ఒక వస్తుచిత్రం ఫోటోలు పంపుతున్నాను. మరో చిన్న సందేహం: ఫోటో చూసి బొమ్మ వేయడం మోసమా?

సమాధానం: మీ ఉత్తరాన్ని కాసేపు పక్కన పెట్టి ముందు బొమ్మలే చూశాను. కళ గురించి వాదన ముదిరినప్పుడు బొమ్మ దగ్గరికి వెళ్లడం క్షేమం. సృజన, నైపుణ్యం అని మాటల్లో రెండు పక్షాలుగా చీలి కొట్టుకునేవి కాగితం మీద అంత తేలిగ్గా విడిపోవు.

వస్తుచిత్రంతో మొదలుపెడతాను. గాజు సీసా, పక్కన లోహపు గిన్నె, కింద మడతలు పడిన గుడ్డ, వెనక గోడ. కొలతలకు వంక పెట్టలేం. గిన్నె అంచు రెండు కొసల్లోనూ గుండ్రంగానే తిరిగింది, కొత్తవాళ్లు వేసినట్టు మూలలు పడలేదు. ఇంకా మెచ్చుకోవలసింది గిన్నె అడుగు. పై అంచు వంపు కంటే అడుగు వంపు కాస్త ఎక్కువ గుండ్రంగా వచ్చింది. పైనుంచి చూసేవాళ్లకు అది అలాగే కనిపిస్తుంది. కానీ గిన్నె అడుగు బల్ల మీద చదునుగా ఆనుకుని ఉందని మన బుర్రకు తెలుసు కాబట్టి, అది అక్కడ ఒక అడ్డగీత గీసేయమని పోరుతుంది. మీరు బుర్ర మాట కాదని కంటి మాట విన్నారు. రెండేళ్లలో మీకు దక్కిన అసలు లాభం అదే. చేతికి వచ్చిన నేర్పు దాని తర్వాతే.

మరి ప్రాణం ఎందుకు లేదు? అంచులు చూడండి. సీసా అంచు, గిన్నె అంచు, గుడ్డలో మారుమూల మడత, గోడ మీద నీడ చివర, అన్నీ ఒకే పదునుతో ఉన్నాయి. దేనికీ ఎక్కువ లేదు, దేనికీ తక్కువ లేదు. కన్ను ఎప్పుడూ అలా చూడదు. ఒకచోట ఆగుతుంది, మిగతావి దానికి లీలగా అందుతాయి. నీడవైపు సీసా అంచు వెనక చీకట్లో కలిసిపోయి ఎక్కడ ముగిసిందో తెలియకుండా ఉండాలి. దాన్ని కూడా మీరు వెతికి మరీ గీశారు, ఎందుకంటే సీసాకు అక్కడ అంచు ఉందని మీకు తెలుసు. గిన్నె అడుగు దగ్గర వినని బుర్ర మాట ఇక్కడ విన్నారన్నమాట. ఉన్న అంచును పోగొట్టడం, పక్క పక్క నీడలను కలిపేయడం, ముఖ్యం కానిదాన్ని సగంలో వదిలేయడం చిత్రలేఖనంలో కష్టమైన పాఠాలు. అవి మీకు ఇంకా రాలేదు. అంటే నైపుణ్యం ఎక్కువై చచ్చిపోయిందని మీరు అనుకుంటున్న బొమ్మకు ఉన్న రోగం నైపుణ్యం చాలకపోవడమే.

ఇక అమ్మ బొమ్మ. కుర్చీలో నిద్రపోతున్నారు, పక్క కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒడిలోకి జారిన కుడిచేయి ముఖం కంటే పెద్దదిగా ఉంది, మణికట్టు విరిగినట్టు వంగింది, వేళ్లకు కణుపులు సరైన చోట లేవు. అయినా నా కన్ను తిరిగి తిరిగి ఆ చేతి మీదికే వెళ్లింది. పనిలోంచి అప్పుడే తప్పించుకుని వాలిన చేయి అది. దాన్ని అంత పెద్దగా వేయాలని మీరు లెక్కగట్టి ఉండరు, చూస్తున్నది చేతినే కాబట్టి చేయి పెరిగింది. మీ స్నేహితురాలికి నచ్చినది ఇదే అయితే ఆవిడ కన్ను మంచిదే.

కానీ అదే బొమ్మలో కిటికీ దగ్గరికి రండి. ఎండ కోసం మీరు పసుపు రంగు పూశారు. అది పసుపు రంగు పూసిన చోటులా ఉంది తప్ప ఎండలా లేదు. కాగితం తెలుపును మించిన వెలుగు నీటిరంగుల పెట్టెలో ఎక్కడా ఉండదు. వెలుగు రావాలంటే దాని చుట్టూ ఉన్నవాటిని ముదురు చేయాలి: గోడను, కుర్చీ వీపును, అమ్మ జుట్టును. మీరు భయపడి అన్నింటినీ లేతగానే ఉంచారు. ఆ మధ్యాహ్నం మీరు చూసినది వెలుగు నీడల మధ్య ఆ చేయి. అందులో చేయి కాగితం మీదికి వచ్చింది, వెలుగు రాలేదు. మీ మనసులో ఉండి కాగితం మీదికి రాని ఆ సగాన్ని తెచ్చేదాన్నే నైపుణ్యం అంటున్నాం. ఊహ పుష్కలంగా ఉన్నా అది లేక ఆ బొమ్మ సగంలో ఆగింది.

అందుకే మీరు అడిగిన వాటాల లెక్క నేను చెప్పను. సృజనకు ఇంత శాతం, సాంకేతికతకు ఇంత శాతం అని పంచడం, రెండూ రెండు డబ్బాల్లో విడివిడిగా ఉన్నాయనుకుంటేనే కుదురుతుంది. మీ దగ్గర సమస్య పాళ్లలో లేదు. పాఠం ఒకచోట, బొమ్మ ఒకచోట ఉండిపోయాయి. రెండేళ్లుగా మీరు నేర్చుకున్నవన్నీ మరొకరు అడిగిన ప్రశ్నలకు జవాబులు. సీసాను అక్కడ పెట్టింది ఆయన, దీపం ఏ పక్క ఉండాలో చెప్పింది ఆయన, ఎంత దూరంలో కూర్చోవాలో చెప్పింది ఆయన. మీరు తీసుకోవలసిన నిర్ణయాలు అన్నీ మీరు కుర్చీలో కూర్చునేలోపే అయిపోయాయి. ఇక మిగిలింది దించడం. దించడం తప్పు కాదు, కానీ సృజన అని మనం పెద్ద పేరు పెట్టి పిలిచేది చాలావరకు ఆ నిర్ణయాల్లోనే ఉంటుంది: ఏది తీసుకోవాలి, ఏది వదలాలి, కాగితంలో ఎక్కడ ఉంచాలి, దేన్ని పెద్దది చేయాలి.

మీ ఇద్దరు సలహాదారుల సంగతి చూద్దాం. ముందు ఠాగూర్. ఆయన గట్టిగా బొమ్మలు వేయడం మొదలుపెట్టింది అరవై దాటాక. చిత్రకళా బడిలో శిక్షణ పొందలేదు. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. రెండు వేలకు పైగా బొమ్మలు మిగిల్చి వెళ్లారు. ఇంతవరకు మీ స్నేహితురాలు చెప్పింది నిజం. కానీ ఆ బొమ్మలు ఎక్కడ పుట్టాయో ఆవిడ మరిచిపోయారు. కవితల రాతప్రతుల్లో కొట్టివేతలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోతే ఆకారాలు వచ్చాయి, వింత జంతువులు, పక్షులు, ముఖాలు. అర్ధశతాబ్దానికి పైగా రోజూ కలం పట్టిన చేయి అది. గీత ఎక్కడ బరువెక్కాలో, ఎక్కడ సన్నబడాలో, ఏ వంపు తర్వాత ఏ వంపు వస్తే నడక కుదురుతుందో ఆ చేతికి తెలుసు. లయ అంటే ఏమిటో అంతకంటే బాగా తెలుసు. శిక్షణ లేని చేయి అనడం కంటే మరో శాఖలో శిక్షణ పొందిన చేయి అనడం న్యాయం. ఆయన బొమ్మల్లో శరీర నిర్మాణం వెతకం, వెతకాలనీ అనిపించదు. ఆ బొమ్మలు అడిగిన నైపుణ్యం వేరు, అది ఆయన దగ్గర నిండా ఉంది.

మీ ఉపాధ్యాయుడి మాటకు వస్తే, అందరూ చెప్పే పికాసో ఉదాహరణే ఆయనా చెప్పి ఉంటారని నా అనుమానం. ముందు అంతా నేర్చుకున్నాడు, తర్వాత అంతా విరగ్గొట్టాడు అనే కథ. 1897లో, పదిహేనేళ్ల వయసులో, రోగి మంచం పక్కన వైద్యుడు నాడి చూస్తున్న పెద్ద తైలవర్ణ చిత్రం వేశాడు. అందులో అకాడమీ పద్ధతి, అంటే యూరప్ చిత్రకళా విద్యాలయాలు నేర్పే పద్ధతి, అంతా ఉంది. 1907లో ఆ పద్ధతి అంతా బద్దలయ్యే బొమ్మ వేశాడు. కథ నిజమే. కానీ తండ్రి చిత్రలేఖనం బోధించే మాస్టారు, కొడుకు మాటలతో పాటే గీతలు నేర్చుకున్నవాడు. ఆ వరుస అతని జీవితానికి కుదిరింది. 36 ఏళ్ల వయసులో, చెప్పాల్సినది చేతిలో పెట్టుకుని కూర్చున్న మనిషికి అదే వరుస ఎందుకు?

మీకు కావలసిన ఉదాహరణ వాన్ గో. అతను చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, ఇరవై ఏడేళ్ల వయసులో. చనిపోయింది 1890లో. ఉన్నది పదేళ్లే. ఉన్మాదంలో రంగులు చల్లిన మనిషిగా అతన్ని చూపించడం లోకానికి అలవాటైపోయింది గానీ, అతను చేసిన మొదటి పనులు వింటే మీ ఉపాధ్యాయుడు సంతోషిస్తారు. ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాల అచ్చుబొమ్మలను పట్టుదలగా నకలు తీశాడు. దూరాలు, కోణాలు పట్టుకోవడానికి దారాలు బిగించిన చెక్క చట్రం చేయించుకుని, దాన్ని ఆరుబయట నిలబెట్టి అందులోంచి చూస్తూ గీశాడు. అయితే సొంత బొమ్మలు వేయడానికి ఐదేళ్లు ఆగలేదు. పాఠమూ బొమ్మా పక్కపక్కనే నడిచాయి. 1885లో, దీపం వెలుతురులో బంగాళాదుంపలు తింటున్న రైతు కుటుంబాన్ని వేయడానికి ముందు, ఆ చలికాలమంతా రైతుల తలలనే పదుల సంఖ్యలో వేశాడు. ఎవరో చెప్పారని కాదు, వేయబోయే బొమ్మకు ఆ తలలు కావాలి కాబట్టి.

ఆ బొమ్మకు తీసిన రాతి అచ్చు (లితోగ్రాఫ్) చూసి తోటి చిత్రకారుడు ఫాన్ రాపర్డ్ మనుషుల ఆకారాలు తప్పని తిట్టిపోశాడు. ఆ ఏడాదే తమ్ముడు తియోకు రాసిన ఉత్తరంలో వాన్ గో ఒక మాట అన్నాడు. తన మనుషులు అకాడమీ లెక్కన సరిగ్గా ఉంటే తనకు నిరాశే మిగులుతుందట. యథాతథంగా ఉన్నదానికంటే నిజమనిపించే తప్పులు, మార్పులు చేయడం నేర్చుకోవాలని తన కోరిక అట. నేర్చుకోవాలి అన్నాడు, గమనించండి. మీ అమ్మ చేయి తనంతట తాను పెరిగింది. అలా పెంచడం ఎప్పుడు అవసరమో తెలిసి, కావాలని, అదే బలంతో మళ్లీ పెంచగలగడం వేరే విద్య. దానికి ముందు మామూలు చేయి ఎంత ఉంటుందో మీకు తెలిసి ఉండాలి. ఇంతకీ ఇప్పుడు మీకు అది తెలుసు, నాలుగేళ్ల కిందట తెలియదు.

ఈ తగాదా చాలా పాతది. మన ఆలంకారికులు కవిత్వం విషయంలో దీన్ని తెగ్గొట్టడానికి వందల ఏళ్లు తలపడ్డారు. పుట్టుకతో వచ్చిన ప్రతిభ, నిర్మలమైన చదువు, ఎడతెగని అభ్యాసం ఈ మూడూ కావాలన్నాడు దండి. ప్రతిభ లేకపోయినా చదువుతో, ప్రయత్నంతో కొలిస్తే సరస్వతి ఎంతో కొంత అనుగ్రహిస్తుందని ఊరట కూడా ఇచ్చాడు. పదకొండో శతాబ్దంలో మమ్మటుడు ఇంకో మెట్టు ఎక్కి, ఈ మూడూ విడివిడిగా మూడు కారణాలు కావు, కలిస్తేనే ఒక్క కారణం అని తేల్చాడు. నాకు అన్నింటికంటే ఇష్టమైనది పదిహేడో శతాబ్దపు మన తెలుగువాడు జగన్నాథ పండితరాయల మాట. కావ్యానికి కారణం ప్రతిభ ఒక్కటే అని కుండబద్దలు కొట్టాడు. అక్కడితో ఆగితే మీ స్నేహితురాలి పక్షమే. కానీ ఆ ప్రతిభ ఎక్కడి నుంచి వస్తుందంటే, కొందరికి దేవతల, మహాపురుషుల అనుగ్రహం వల్ల, కొందరికి పాండిత్యం, అభ్యాసం వల్ల అన్నాడు. అభ్యాసం ప్రతిభను చంపడం మాట అటుంచి, పుట్టించగలదన్నమాట.

బొమ్మల్లో అది ఎలా జరుగుతుందో నీటిరంగుల్లో స్పష్టంగా కనిపిస్తుంది, మీరు ఇప్పుడు వాటి దగ్గరే ఉన్నారు కాబట్టి చెబుతాను. కాగితం మీద పూత వేశారు. తడి మెరుస్తున్నంతసేపు అందులో మరో రంగు పెడితే మెత్తగా పాకుతుంది. పూర్తిగా ఆరాక పెడితే పదునైన అంచుతో నిలుస్తుంది. ఈ రెండింటి మధ్య, మెరుపు పోయి తడి మాత్రం మిగిలిన కాసేపు ప్రమాదకరమైనది. అప్పుడు నీళ్లు ఎక్కువ ఉన్న కుంచె తగిలితే ఆ నీరు సగం ఆరిన రంగును వెలుపలికి నెట్టుకుంటూ పోతుంది. ఆరేసరికి మధ్యలో లేతగా, చుట్టూ గరుకైన అంచుతో ఒక పువ్వులాంటి మరక మిగులుతుంది. నేర్చుకునేవాళ్లు దాన్ని చూసి తల పట్టుకుంటారు. ఆ సమయం తెలిసినవాళ్లు ఆకాశంలో మబ్బు చివరకో, చెట్ల గుబురుకో దాన్ని కావాలనే తెచ్చుకుంటారు. ఇంకా ముఖ్యమైనది, అది అనుకోకుండా వచ్చినప్పుడు ఉంచాలో తుడవాలో వాళ్లు క్షణంలో చెప్పగలరు. మీకు కొత్త ఊహ తట్టేది అక్కడే. గోడ వేస్తుండగా పడిన మరక, గోడ పాతబడిందని చెబుతుంది. అంతకుముందు మీ మనసులో పాత గోడ లేదు. చేయి మొద్దుగా ఉన్నంతకాలం అన్ని ప్రమాదాలూ ఒకేలా కనిపిస్తాయి, అన్నీ తప్పులుగానే.

అయినా మీ స్నేహితురాలిని పూర్తిగా కొట్టిపారేయను. ఆవిడ చెప్పిన కారణం తప్పు, భయం మాత్రం నిజం. చేతికి బాగా వచ్చిన పని ముందుకు తోసుకుని వస్తుంది. గాజు మీద మెరుపు వేయడం వచ్చినవాళ్లు గాజు సీసాల కోసమే వెతుకుతారు. ఏది వేయాలో చేయి నిర్ణయించడం మొదలైందంటే జాగ్రత్త పడాలి. బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్‌కు ఆ ఉచ్చు తెలుసు. కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, మనుషుల రూపచిత్రాలు వేసి పేరు తెచ్చుకున్నాక, ఆ దారిని వదిలేశాడు. తైలవర్ణాల బదులు మట్టి, రాయి వంటివాటి నుంచి తీసిన రంగులు పట్టాడు. జానపద పటాల గీతను, కొద్దిపాటి చదును రంగులను ఎంచుకున్నాడు. చూడటానికి తేలికగా ఉండే ఆ గీత, వచ్చిన విద్యను పక్కన పెట్టి ఏళ్ల తరబడి చేసిన సాధన. తనకు ఏది వచ్చో దాని దగ్గరే కూర్చోకపోవడం ఆయన ధైర్యం.

రెండో వైపు ఉచ్చు ఇంకా సరదాగా ఉంటుంది. చేతులు వేయడం రానివాళ్ల బొమ్మల్లో మనుషులందరూ చేతులు వెనక్కి కట్టుకునో జేబుల్లో పెట్టుకునో నిలబడతారు. పాదాలు రాకపోతే కథంతా గడ్డిలో జరుగుతుంది. గుర్రం రాకపోతే వీరుడు నడిచి వస్తాడు. దీన్నే శైలి అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. కావాలని వదిలేయడం శైలి. చేతకాక వదిలేసినది చూపరులకు ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే అది ప్రతి బొమ్మలోనూ ఒకే చోట జరుగుతుంది.

లియొనార్డో డావిన్చీ లాంటివాడికి కూడా పదార్థం మొహమాటపడలేదు. మిలాన్‌లో ఒక మఠం భోజనశాల గోడ మీద, సుమారు 1495 నుంచి 1498 వరకు, క్రీస్తు చివరి విందు వేశాడు. గోడచిత్రానికి అప్పటి పద్ధతి తడి సున్నపు గార మీద వేయడం. గార ఆరుతూ రంగును తనలో బిగించుకుంటుంది, అందుకే ఏ రోజు భాగం ఆ రోజే ముగించాలి. వేసి, ఆగి, చూసి, దిద్దుకునే లియొనార్డోకు ఆ తొందర సరిపడలేదు. పొడి గోడ మీద వేశాడు. అనుకున్న నిదానం దక్కింది, అంత సున్నితమైన ముఖాలు దక్కాయి. కానీ కొన్నేళ్లకే రంగు పెచ్చులూడటం మొదలైంది. 1978లో మొదలైన చివరి పెద్ద పునరుద్ధరణ 1999 దాకా సాగింది. నైపుణ్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు దించడమే అనుకుంటాం. ఏ రంగు దేనికి అతుక్కుంటుంది, ఏది ఎప్పుడు ఆరుతుంది అనేది కూడా అందులో భాగమే. మీరు రేపు తైలవర్ణాలకు వెళితే కింది పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలన్న నియమం వింటారు. ఎవరి స్వేచ్ఛనూ హరించడానికి పెట్టింది కాదు అది. తొందరగా ఆరే పై పొర, ఇంకా కదులుతున్న కింది పొర మీద నెర్రెలిస్తుంది, అంతే.

ఇప్పుడు ఏం చేయాలి? క్లాసు మానకండి. ఐదేళ్లు ఆగనూ వద్దు. అమ్మ బొమ్మను మళ్లీ మొదలుపెట్టండి, ఈ నెలే. పాతదాన్ని దిద్దవద్దు, కొత్త కాగితం తీసుకోండి. మొదట అరచేతిలో పట్టేంత చిన్న చిత్తులు వేయండి, వాటిలో మూడే ఛాయలు ఉండాలి: కాగితం తెలుపు, మధ్యస్థం, గట్టి నలుపు. ముఖం వద్దు, వేళ్లు వద్దు, కుర్చీ కోళ్లు వద్దు. తెలుపు ఎక్కడ ఉండాలన్నదొక్కటే ప్రశ్న. ఒక చిత్తులో వెలుగు చేతి మీద మాత్రమే ఉంచండి. ఇంకోదాంట్లో చేతిని నీడలోకి నెట్టి వెలుగు కుర్చీకి ఇవ్వండి. మూడోదాంట్లో కిటికీనే తీసేయండి. ఒకే సంగతికి ఇన్ని బొమ్మలు ఉన్నాయని మీకు అక్కడ తెలుస్తుంది. వస్తుచిత్రం వేసేటప్పుడు మీకు దొరకనిది ఇదే, ఎంచుకునే అవకాశం.

ఒక చిత్తు ఎంచుకున్నాక పెద్దగా వేయండి. ఎక్కడో ఆగిపోతారు. మణికట్టు దగ్గర ఆగుతారని నా అంచనా, తర్వాత జుట్టు నీడలో కలిసే చోట. ఆగిన చోటును ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే క్లాసుకు ఆ కాగితం తీసుకెళ్లి, ఈ వారం నాకు వాలిన మణికట్టు నేర్పండి అని అడగండి. మీ ఉపాధ్యాయుడు మంచివారైతే ఆయనకు ఇంతకంటే సంతోషం ఉండదు. బోధించేవాళ్లకు విసుగు పుట్టించేది, ఏం కావాలో తెలియకుండా ఏది చెబితే అది వేసే విద్యార్థులే. ఒకవేళ ఆయన ఒప్పుకోకపోతే గొడవ పడవద్దు. ఆయన పెట్టిన సీసానే వేయండి, కానీ కూర్చునే ముందు మీ ప్రశ్న మీరు పెట్టుకోండి. ఈ రోజు ఈ సీసాలో ఒక్క అంచే కనిపించాలి, మిగతావి పోవాలి, ఏ అంచు? అభ్యాసం ఆయనదే, నిర్ణయం మీది అవుతుంది.

కొన్ని అభ్యాసాలకు మాత్రం ఏ ఉద్దేశమూ తగిలించకండి. సమానమైన పూత వేయడం, ఒక్క ఊపులో పొడవాటి గీత గీయడం, కోణాన్ని కంటితో కొలవడం లాంటివి రోజూ కాసేపు చేస్తే చాలు. వాటిలో మిమ్మల్ని మీరు వ్యక్తం చేసుకోనక్కర లేదు. ఈ రోజుల్లో ప్రతి గీతలోనూ ఆత్మ ఉట్టిపడాలని జనం పట్టుబడుతున్నారు. గీత తిన్నగా వస్తే చాలిన రోజులూ ఉంటాయి.

కొత్త బొమ్మ మొదట్లో పాతదానికంటే బలహీనంగా వస్తుందని ముందే చెబుతున్నాను. చేయి సరైన కొలతలో వస్తుంది, దాంతో బరువు పోతుంది. అప్పుడు కంగారుపడి పాత అజ్ఞానం కోసం బెంగపెట్టుకోకండి, అది తిరిగి రాదు. నాలుగేళ్ల కిందట చేయి పెద్దది కావడానికి కారణం మీరు దాన్నే చూడటం. ఇప్పుడు కూడా దాన్నే చూడండి. పెద్దది చేయడం ఒక్కటే మార్గం కాదని ఈసారి తెలుస్తుంది. చుట్టూ ఉన్నదంతా మసకబరిచి దాన్ని ఒక్కదాన్నే తేల్చవచ్చు. కాగితం అడుగుకు తెచ్చి మన ముందుకు తోయవచ్చు. ముఖాన్ని సగం చీకటిలో ముంచేయవచ్చు. అవేవీ పనికిరాకపోతే నిక్షేపంగా పెద్దది చేయండి.

చివరగా ఫోటో సంగతి. మోసం కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుల్లో దెలాక్రా ఫోటోలు చూసి గీశాడు, దెగా చూడటమే కాదు, తనే తీశాడు. కానీ ఫోటో ఏం చేస్తుందో తెలిసి వాడండి. కెమెరాది ఒంటికన్ను, లోతు తగ్గుతుంది. దగ్గరి నుంచి తీస్తే ముందున్నవి ఉబ్బుతాయి. వెలుగు నీడల తేడా ఎక్కువైతే, మీ కంటికి నీడలో కనిపించే రంగులన్నీ ఫోటోలో ఒకే నలుపు ముద్ద అవుతాయి, లేదా కిటికీ తెల్లగా మాడిపోతుంది. అమ్మ నిద్రపోతున్నప్పుడు ఫోటో తీసుకోండి, ఆవిడ లేచాక భంగిమ దొరకదు కాబట్టి. కానీ ఆ ఎండ ఉన్నంతసేపు అక్కడే కూర్చుని నీడల్లో ఏ రంగులు ఉన్నాయో పెన్సిల్‌తో కాగితం అంచున రాసుకోండి. బొమ్మ వేసేటప్పుడు భంగిమ ఫోటోలోంచి, రంగులు ఆ కాగితంలోంచి తీసుకోండి.